పుచ్చుపంటికి ప్రతినిధి

మైపాడు, ఇస్కపల్లి, తుమ్మలపెంట లాంటి తీరపల్లెల్లో పన్ను సలిపితే మొదట లవంగం పెట్టుకుంటారు. తగ్గకపోతే ఉప్పునీళ్ళు పుక్కిలిస్తారు. అదీ పనిచేయనప్పుడు నెల్లూరుకో కావలికో బస్సెక్కుతారు. పళ్ళ డాక్టరు పిప్పిని తొలిచి, గుంతను శుభ్రం చేసి, అప్పుడు అడుగుతాడు: వెండిరంగుది పెట్టమంటారా, పంటిరంగుదా, సిమెంటు చాలా? జవాబు చాలాసార్లు ధరను బట్టి వస్తుంది, ముందుపన్నైతే అద్దాన్ని బట్టి వస్తుంది. నోరు తెరుచుకుని పడుకున్న మనిషికి అంతకుమించి ఆలోచించే తీరిక ఉండదు.

ఆలోచించదగిన సంగతి మాత్రం అందులో చాలా ఉంది. దేహంలో ఒక ముక్క పోయింది, మళ్ళీ మొలవదు. ఆ చోట ఇంకో పదార్థం నిలబడాలి. ఏది తగినది? రూపాన్ని బట్టి చూడాలా, బలాన్ని బట్టా, శుద్ధిని బట్టా? పెట్టించుకున్నాక అది మన దేహమే అవుతుందా, చివరిదాకా పరాయిదేనా? మన మీమాంసకులు, ఆగమవేత్తలు, రసవాదులు, ఇస్లామీయ ధర్మశాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నల మీద నిశితంగా వాదించారు. వాళ్ళలో చాలామంది పంటి పేరు ఎత్తనైనా లేదు. అయినా ఆ వాదాలు ఇవాళ్టి దంత వైద్యశాలలో పనికొస్తాయి.

గుంత నింపడం కొత్త విద్యేమీ కాదు. వాగ్భటుడు అష్టాంగహృదయం ఉత్తరస్థానంలో పుచ్చిన పంటి తొర్రలో బెల్లం గానీ తేనెమైనం గానీ నింపి, కాల్చిన సలాకతో వాత పెట్టమన్నాడు. స్లొవేనియాలోని లోంచె అనే ఊరి దగ్గర గుహలో దొరికిన 6,500 ఏళ్ళనాటి దవడ ఎముకలో, పగిలిన ఒక పంటికి తేనెమైనం అంటి ఉందని 2012లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఒకరినొకరు ఎరగని రెండు చోట్ల మనుషులు ఒకే పదార్థం దగ్గరికి చేరారు. మెత్తగా ఉండి గుంతలోకి దిగేది, దిగాక గట్టిపడేది కావాలి. ఆ రెండు గుణాలూ తేనెతుట్టె ఇచ్చింది.

ఆ తేనెమైనమే మన గుళ్ళలోనూ కనిపిస్తుంది. మూలవిరాట్టు పాదాలకూ పీఠానికీ మధ్య ఉండే సందును అష్టబంధనంతో పూడుస్తారు. లక్క, గుగ్గిలం, తేనెమైనం, వెన్న లాంటి ఎనిమిది ద్రవ్యాలను రోట్లో వేసి గంటల తరబడి దంచి చేసే ముద్ద అది. తిరుమలలో పన్నెండేళ్ళకోసారి దాన్ని కొత్తగా వేస్తారు. 2018 ఆగస్టులో ఆ క్రతువు జరిగినప్పుడు శ్రీవారి శక్తిని కుంభంలోకి ఆవాహన చేసి బాలాలయంలో ఉంచారు, పని పూర్తయ్యాక సంప్రోక్షణ చేశారు. ఈ ఏర్పాటులో గొప్ప వివేకం ఉంది. నింపిన పదార్థానికి ఆయుర్దాయం ఉంటుందని ఆగమం ముందే ఒప్పుకుంది. అరిగిపోతుంది, బీటలిస్తుంది, తీసి మళ్ళీ వేయాలి. అందువల్ల విగ్రహం పవిత్రతకు లోటు లేదు. పంటికి పెట్టిన సిమెంటు ఐదారేళ్ళకు ఊడిందని డాక్టరును తిట్టుకునేవాళ్ళూ, ఊడిందని తెలిసి కూడా సంవత్సరాల తరబడి వెళ్ళనివాళ్ళూ గుర్తుంచుకోవలసిన సంగతి ఇది.

ఏ పదార్థం తగినదన్న ప్రశ్నను అందరికంటే లోతుగా పట్టించుకున్నది మాత్రం మీమాంస. జైమిని సూత్రాల్లో ఆరో అధ్యాయం మూడో పాదం దాదాపు మొత్తం ప్రతినిధి ద్రవ్యాల చర్చే. యాగానికి వడ్లు తెమ్మని విధి. వడ్లు దొరకలేదు, లేదా తెచ్చినవి పాడైపోయాయి. యాగం మానుకోవాలా? నిత్యకర్మ అయితే మానకూడదు, వడ్లకు బదులు నివ్వరి ధాన్యంతోనైనా చేయాలని తీర్మానం. నివ్వరి ఎందుకంటే, దానిలో వడ్ల అవయవాలు ఎక్కువగా ఉన్నాయి, వడ్లు చేసే పని అది చేయగలదు. సోమలతకు బదులు పూతీక అనే తీగను వేదమే చూపించింది. పెన్న ఒడ్డున ఉండి భారతం రాసిన తిక్కన యజ్ఞం చేసి సోమయాజి అయినవాడు. ఇలాంటి చర్చలు ఆయన కాలపు నెల్లూరులో పండితుల నోళ్ళలో ఆడే ఉంటాయి.

ఈ నియమాలను పంటి ముందు నిలబెట్టి చూడండి. పోలిక అంటే ఏ పోలిక? వెండిరంగు అమాల్గం నమలడానికి కావలసిన బలంలో పంటికి దగ్గర, రంగులో దూరం. పంటిరంగు కాంపోజిట్ చూపుకు దగ్గర. 1962లో రాఫెల్ బోవెన్ పేటెంటు పొందిన జిగురు రెజిన్‌లో గాజుపొడి, సిలికా లాంటివి కలిపి చేసేది అది. లండన్‌లో అలన్ విల్సన్, బ్రయన్ కెంట్ 1970ల మొదట్లో వెలువరించిన గ్లాస్ అయానమర్ సిమెంటు మూడోది. బలంలో అది తక్కువే. వేడిచల్లలకు వ్యాకోచించడంలో మాత్రం ఇంచుమించు పంటితో సమానంగా నడుస్తుంది, పంటిలోని కాల్షియంతో నేరుగా బంధం కలుపుకుంటుంది. చూసే కన్ను ఒక పోలికను కోరుతుంది, కొరికే దవడ ఇంకో పోలికను కోరుతుంది. మీమాంసకుడైతే ముందు పని ఏమిటో చెప్పమంటాడు. నిత్యకర్మలో అంగాలు కొన్ని తగ్గినా ఫరవాలేదనీ, కోరికతో చేసే కామ్యకర్మ మాత్రం సాంగంగా జరగాలనీ అతను చేసిన విభజన ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. అన్నం నమలడానికైతే రంగులో లోటు సమ్మతమే. నవ్వు కోసమైతే రంగు తప్పకూడదు, అందుకయ్యే ఖర్చూ శ్రమా పూర్తిగా భరించాలి.

ఇంకో నియమం ఉంది, అది దంత వైద్యానికి మరీ దగ్గరిది. అసలు ద్రవ్యం కొంచెమే మిగిలినా, అన్ని అంగాలకూ చాలకపోయినా, నిండుగా దొరికే ప్రతినిధి కంటే ఆ కొంచెమే మేలు. అమాల్గం పంటికి అతుక్కోదు. అది జారిపోకుండా ఉండాలంటే గుంత లోపల వెడల్పుగా, పైన ఇరుకుగా ఉండేటట్టు మంచి పన్నును కూడా కొంత చెక్కాలి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికన్ దంతవైద్యుడు జి.వి. బ్లాక్ స్థిరపరిచిన పద్ధతి అదే. ముందుజాగ్రత్తగా గుంతను ఇంకాస్త విస్తరించమని కూడా ఆయన చెప్పాడు. 1955లో మైకేల్ బ్యూనోకోర్ పంటి పింగాణీ పొరను ఆమ్లంతో గరుకు చేస్తే రెజిన్ పట్టుకుంటుందని చూపించాక పుచ్చిన మేరకే తొలిచే వైద్యానికి దారి దొరికింది. ప్రతినిధికి మళ్ళీ ప్రతినిధి లేదన్న నియమమూ ఇలాంటిదే. నివ్వరి కూడా పోతే నివ్వరిని పోలినదాన్ని వెతకరు, మళ్ళీ వడ్లను పోలినదాన్నే వెతుకుతారు. పాత ఫిల్లింగ్ ఊడిన పంటికి చికిత్స చేసే డాక్టరు ఊడిన ముక్కను కాదు, మిగిలిన పన్నును చూసి నిర్ణయించాలి.

నాలుగో నియమం దగ్గర చిక్కు మొదలవుతుంది. నిషిద్ధమైనది ఎంత పోలినా ప్రతినిధిగా చెల్లదు. మినుములు, ఆరికలు యజ్ఞానికి తగవని నిషేధం ఉంటే, వేరే గింజలేవీ దొరక్కపోయినా అవి రాకూడదు. నిషేధం పోలిక కంటే బలమైనది.

ఇస్లామీయ సంప్రదాయం ఇదే చోటికి ఇంకో వైపునుంచి వచ్చింది. అర్ఫజా ఇబ్న్ అస్అద్ అనే ఆయనకు కులాబ్ యుద్ధంలో ముక్కు తెగిపోయింది. వెండి ముక్కు చేయించుకుంటే దుర్వాసన వచ్చింది. బంగారపు ముక్కు పెట్టించుకోమని ప్రవక్త అనుమతించినట్టు అబూ దావూద్, తిర్మిజీ హదీసు సంకలనాల్లో ఉంది. మగవాళ్ళు బంగారం ధరించడం ఇస్లాంలో నిషిద్ధం. అయినా అవసరం కోసం సడలింపు దొరికింది. కదిలే పళ్ళను బంగారు తీగతో కట్టించుకోవచ్చా అన్న చర్చకు తర్వాతి పండితులు ఈ ఉదంతాన్నే ఆధారం చేసుకున్నారు. వెండి చాలని అబూ హనీఫా అంటే, బంగారమూ చెల్లుతుందని ఆయన శిష్యుడు ముహమ్మద్ అన్నాడు. అవసరం కొద్దీ ఇచ్చిన అనుమతి ఆ అవసరం మేరకే నిలుస్తుందన్నది ఆ ధర్మశాస్త్రంలో స్థిరపడిన సూత్రం. స్నానశుద్ధి విషయంలో, తీయడానికి వీల్లేకుండా అతికిన పదార్థం దేహంలో భాగమే అవుతుంది, దాని కిందికి నీరు చేరనక్కర్లేదని చెప్పే పండితులు చాలామంది. నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గాలో ఏటా మొహర్రం నెలలో రొట్టెల పండుగకు హిందువులూ ముస్లింలూ కలిసి రొట్టెలు మార్చుకుంటారు. పన్ను పుచ్చినప్పుడు వాళ్ళందరూ కూర్చునేది ఒకే రకం కుర్చీలో. ఆ కుర్చీ దగ్గర మీమాంసకుల నిషేధమూ, అర్ఫజాకు దొరికిన సడలింపూ ఎదురెదురు నిలుస్తాయి. ఎందుకంటే వెండిరంగు ఫిల్లింగ్‌లో బరువును బట్టి దాదాపు సగం పాదరసమే.

మన సంప్రదాయంలో పాదరసానికి ఉన్న గౌరవం సామాన్యమైనది కాదు. అది శివుడి వీర్యమని రసశాస్త్రం చెప్పింది. రసలింగాలను పూజించారు. పద్నాలుగో శతాబ్దంలో మాధవాచార్యుడు కూర్చిన సర్వదర్శనసంగ్రహంలో రసేశ్వర దర్శనం ఒక పూర్తిస్థాయి తత్త్వంగా చోటు సంపాదించుకుంది. జీవన్ముక్తికి దేహం స్థిరంగా ఉండాలి, ఆ స్థిరత్వం సంస్కరించిన పాదరసం వల్ల వస్తుందని ఆ దర్శనం వాదం. దేహాన్ని తిరస్కరించి మోక్షం కోరే దారుల మధ్య, దేహాన్నే నిలబెట్టుకుని ముక్తి పొందాలన్న ఆ పట్టుదల గౌరవించదగినది. ఆ రసవాదులు ఎంచుకున్న పదార్థం మాత్రం విషం. పాదరసాన్ని నేరుగా వాడకూడదనీ, అది దోషాలతో కూడినదనీ వాళ్ళకూ తెలుసు. అందుకే అన్ని శోధనలు, అన్ని సంస్కారాలు చెప్పారు.

పాదరసం నోట్లోకి వచ్చింది వేరే దారిన. 1826లో పారిస్‌లో ఓగస్ట్ తవో వెండినాణేల పొడిని పాదరసంతో ముద్దచేసి పళ్ళ గుంతల్లో నింపాడు. అమెరికాకు చేరేసరికి అది ధర్మయుద్ధంగా మారింది. 1840లో ఏర్పడ్డ అక్కడి దంతవైద్యుల సంఘం, అమాల్గం వాడబోమని సభ్యులు ప్రతిజ్ఞ చేయాలని 1845లో తీర్మానించింది. బంగారు రేకు కొనలేని రోగులు ఎక్కువ, చవకగా పన్ను నిలిపే పదార్థం ఇదొక్కటే. ప్రతిజ్ఞ నిలవలేదు, 1856కల్లా ఆ సంఘమే రద్దయింది. అర్ఫజాకు ముక్కు అవసరమైనట్టే ఆ రోగులకు పన్ను అవసరమైంది. నూట యాభై ఏళ్ళపాటు కోట్లమంది పేదల పళ్ళను అమాల్గమే కాపాడింది. దాన్ని నిందించేవాళ్ళు ఈ మేలును మరిచిపోకూడదు.

పెట్టించుకున్న మనిషికి దానివల్ల ప్రమాదమా? మామూలు ఆరోగ్యవంతులకు హాని ఉందని అందుబాటులో ఉన్న ఆధారాలు చూపడం లేదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఆరేళ్ళలోపు పిల్లలు, మూత్రపిండాల, నరాల జబ్బులున్నవాళ్ళకు దాన్ని వాడకపోవడం మేలని అమెరికా ఆహార ఔషధ సంస్థ 2020లో సూచించింది. గట్టిగా ఉన్న పాత ఫిల్లింగ్‌ను భయంతో తీయించుకోవద్దని కూడా అదే సంస్థ చెప్పింది. తొలిచేటప్పుడే ఆవిరి ఎక్కువగా వస్తుంది, మంచి పన్ను కూడా కొంత పోతుంది.

కాబట్టి నిషేధానికి కారణం నోట్లో దొరకదు. అది నోటికి బయట, మనిషి పోయాక మొదలవుతుంది.

పాదరసం 357 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. చితి అంతకంటే చాలా ఎక్కువ వేడిని అందుకుంటుంది. సంచయనం నాడు బూడిదలో ఎముకలు ఏరేటప్పటికి, ఆ మనిషి పళ్ళలో ఉన్న పాదరసం పొగతో పాటు ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటుంది. గాలిలో తిరిగి, వానతో దిగి, చెరువుల్లో, ఏటి ముఖద్వారాల్లో, సముద్రంలో కలుస్తుంది. అడుగు మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. చిన్న చేప నుంచి పెద్ద చేపకు పోగవుతూ సొర, సూర లాంటి వేటచేపల్లో అది ఎక్కువగా చేరుతుంది. బ్రిటన్, స్వీడన్ లాంటి దేశాలు దహనవాటికల పొగగొట్టాలకు పాదరసాన్ని పట్టే వడపోతలు పెట్టించాయి. ఆరుబయట కట్టెలమీద కాల్చే మన చితికి అలాంటిది పెట్టే వీల్లేదు. డాక్టరు తొలిచిన పొడి కూడా నేరుగా కాలువలోకి పోతే అదే దారి పడుతుంది.

జపాన్‌లోని మినమాటా కూడా నెల్లూరు తీరం లాగే చేపలు పట్టుకు బతికే ఊరు. చిస్సో కంపెనీ ఫ్యాక్టరీ వదిలిన పాదరసం వల్ల వచ్చిన జబ్బును 1956 మే 1న అధికారికంగా గుర్తించారు. కంపెనీ మాత్రం 1968 దాకా వదులుతూనే ఉంది. జబ్బు లక్షణాలు పెద్దగా కనిపించని తల్లులకు తీవ్రంగా దెబ్బతిన్న బిడ్డలు పుట్టారు. పాదరసం మావిని దాటి బిడ్డను చేరింది. మన పట్టపుపాళెంలలో పచ్చి బాలింతకు పాలు పడాలని సొరచేపతో సొరపుట్టు వండిపెడతారు. నెల్లూరు చేపల్లో విషం ఉందని ఎవరినీ భయపెట్టడానికి కాదు ఈ మాట. ప్రపంచం మొత్తం మీద గాలిలోకి పోయే పాదరసంలో పెద్ద వాటా చిన్నతరహా బంగారు తవ్వకాలది, ఆ తర్వాతది బొగ్గు మంటలది. కృష్ణపట్నం పక్కన బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాల ముందు పంటి ఫిల్లింగ్ చాలా చిన్న లెక్క. చిన్నదైనా, అది మనం తెలిసి ఎంచుకునేది. బొగ్గు విషయంలో మైపాడు మనిషి మాట చెల్లదు, తన పంటి విషయంలో చెల్లుతుంది. బంగారం పెట్టించుకుంటే చేతులు దులుపుకోవచ్చనుకునేవాళ్ళకు కూడా ఆ తవ్వకాల వాటా ఒక హెచ్చరిక.

2013లో కుదిరిన మినమాటా ఒప్పందంలో భారతదేశం 2018లో సభ్యురాలైంది. 2022లో సభ్యదేశాలు పదిహేనేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు అమాల్గం వాడకాన్ని మినహాయించే దిశగా సవరణ చేశాయి. 2025 నవంబరులో జెనీవాలో, 2034 కల్లా దంతవైద్యంలో దాన్ని పూర్తిగా ఆపాలని నిర్ణయించాయి. ఐరోపా సమాఖ్య 2025 జనవరి నుంచే ఆపేసింది. ధర్మశాస్త్రం భాషలో చెప్పాలంటే, అవసరం కొద్దీ ఇచ్చిన అనుమతికి గడువు తీరుతోంది, ఎందుకంటే వేరే ద్రవ్యాలు దొరుకుతున్నాయి.

దొరకడం అందరికీ ఒకేలా లేదు, అసలు ధర్మసంకటం అక్కడుంది. కాంపోజిట్ పెట్టాలంటే పన్ను తడి లేకుండా ఉంచాలి, నీలికాంతి దీపం కావాలి, చెయ్యి తిరిగిన డాక్టరు కావాలి, ధరా ఎక్కువ. గ్లాస్ అయానమర్ చవక, నమిలే పళ్ళమీద తొందరగా అరుగుతుంది. వేటకెళ్ళే మనిషి రెండేళ్ళకోసారి మళ్ళీ వచ్చి పెట్టించుకోగలడా? జిల్లా లోపలి మెట్టప్రాంతాల సంగతి ఇంకోలా ఉంటుంది. నీళ్ళలోని ఫ్లోరైడు వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌ను భారతదేశంలో మొదట వైద్యపత్రికకెక్కించిన 1937 నాటి అధ్యయనం, అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్న దర్శి, పొదిలి వైపు పల్లెలది. ఫ్లోరైడు గార పట్టిన పళ్ళు ఆమ్లానికి తొందరగా లొంగవు, రెజిన్ సరిగా పట్టడానికి ఎక్కువ సేపు గరుకు చేయాలి. అయానమర్ సిమెంటు ఫ్లోరైడు వదులుతుందని విని అక్కడి మనిషి జడుసుకోవచ్చు. సిమెంటు వదిలేది స్వల్పం, పుచ్చును ఆపడానికి పనికొస్తుంది. నీళ్ళతో రోజూ కడుపులోకి పోయే ఫ్లోరైడుతో దాన్ని కలిపి చూడకూడదు.

కరెంటు లేని చోట పనిచేసే పద్ధతి ఒకటి 1980ల నడుమ టాంజానియాలో పుట్టింది. చేతి పనిముట్లతో మెత్తబడిన పిప్పిని మాత్రమే గోకి, అయానమర్ సిమెంటుతో నింపుతారు. చాలాసార్లు మత్తు సూది అవసరం కూడా రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో దాన్ని ముందుకు తెచ్చింది. బడిలోనో తుపాను షెల్టర్లోనో బల్ల వేసి చేయగల వైద్యం అది. తీరపల్లెల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు ఆ సిమెంటూ, ఏడాదికోసారి వచ్చి పాత సిమెంటు చూసి మళ్ళీ పెట్టే డాక్టరూ ఉంటే, పేదవాడికి పాదరసం ఒక్కటే గతి అన్న వాదన ఇక్కడ నిలబడదు. ప్రత్యామ్నాయం అందుబాటులో పెట్టకుండా నిషేధం ఒక్కటే ప్రకటిస్తే, పేదవాడి పన్ను పీకించినట్టే అవుతుంది.

మీమాంసకులు ద్రవ్యానికి ప్రతినిధిని ఒప్పుకున్నారు గానీ యజమానికి ప్రతినిధిని ఒప్పుకోలేదు. ఈ నిర్ణయంలో యజమాని కుర్చీలో పడుకున్న మనిషే. డాక్టరు సలహా ఇవ్వాలి, ప్రభుత్వం సిమెంటు సరఫరా చేయాలి, ఎంపిక మాత్రం రోగిదే. అందుకే పాఠకులకు ఒక విన్నపం. ఈసారి మీకో మీ పిల్లలకో పన్ను నింపించాల్సి వస్తే, డాక్టరు తొలవడం మొదలుపెట్టకముందే అడగండి: ఇది ఏ పదార్థం, ఎన్నాళ్ళు ఉంటుంది, మంచి పన్ను ఎంత పోతుంది, పాదరసం లేనిది నా పంటికి కుదురుతుందా? నోట్లో ఇప్పటికే గట్టిగా ఉన్న వెండిరంగు ఫిల్లింగ్‌ను తీయించుకోవద్దు. కొత్తది పెట్టించుకునేటప్పుడు మాత్రం, ముఖ్యంగా పిల్లలకూ గర్భిణులకూ, 2034 దాకా ఆగకుండా ఇప్పుడే పాదరసం వద్దని చెప్పండి.